అద్దంలో కనబడిన ముసలాయన: దారి తప్పిన త్రాటక సాధన, ఒక కేసు

నేను విజయవాడలో యోగా నేర్పిస్తాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడుము నొప్పితోనో, షుగర్‌తోనో, నిద్ర పట్టకనో వస్తారు. అప్పుడప్పుడు మాత్రం చూపులో శక్తి కావాలని, మనసుని ఒకచోట కట్టిపడేయాలని వచ్చేవాళ్లు ఉంటారు. అలా వచ్చిన ఒకరి కేసు ఇది. ఆయన, ఆయన భార్య ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఎవరూ గుర్తుపట్టకుండా ఉద్యోగం, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను. ఆయన్ని ఇక్కడ సాధకుడు అంటాను. ఆయన శ్రద్ధ చూశాక ఆ మాట ఆయనకి తగిందనే అనిపించింది.

త్రాటకం అంటే ఒక చుక్క మీదో దీపం మీదో రెప్ప వేయకుండా చూపు నిలపడం. ఇప్పుడు ఇది ఫోన్‌లో వీడియో చూసి ఎవరికి వాళ్లు మొదలుపెట్టే సాధన అయిపోయింది. కొవ్వొత్తి ఉంటే చాలు, ఖర్చు లేదు. అందుకే ఇందులో ఏం జరుగుతుందో, ఎక్కడ ఆగాలో తోటి టీచర్లకీ, ఇంట్లో సొంతంగా చేసుకునేవాళ్లకీ వివరంగా చెప్పాలనిపించింది.

నేపథ్యం

సాధకుడికి ముప్పై దాటాయి. గుంటూరులో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర లెక్కలు చూస్తాడు. భార్య, ఐదారేళ్ల పాప, తల్లి. చిన్నప్పటి నుంచీ దైవభక్తి ఎక్కువ. అలాగని ఏ గురువు దగ్గరా దీక్ష తీసుకోలేదు.

కథ బిల్లుల దగ్గర మొదలైంది. సీజన్‌లో రోజూ దొంతరలు దొంతరలుగా వచ్చే బిల్లుల్లో అంకెలు తారుమారయ్యేవి. 6,840 కి బదులు 6,480 కొట్టేవాడు. నెలాఖరుకి లెక్క తేలేది కాదు. యజమాని నలుగురిలో మాట అన్నాడు. ఏకాగ్రత లేకపోవడమే తన లోపమని సాధకుడు నిర్ణయించుకున్నాడు. ఒకసారి విజయవాడ వచ్చినప్పుడు లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల షాపుల దగ్గర అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం కొన్నాడు. అందులో మొదటి సగం నల్ల చుక్క మీద, కొవ్వొత్తి మీద చూపు నిలపడం. రెండో సగం అద్దంలో సొంత కళ్లలోకి చూడటం, ఎదుటి మనిషి కనుబొమల నడుమ రెప్ప వేయకుండా చూసి తన మాట వినేలా చేసుకోవడం, ముందు కూర్చున్నవాళ్ల మెడ వెనక చూపు నిలిపి వాళ్లు వెనక్కి తిరిగేలా చేయడం.

మొదటి సగం యోగం నుంచి తెచ్చుకున్నది. రెండో సగం యూరప్‌లో మెస్మరిజం (చూపుతో, చేతులతో ఎదుటివాళ్లని మత్తులోకి దించే విద్య) నుంచి, ఆ తర్వాత అమెరికాలో వచ్చిన ఆకర్షణ శక్తి పాఠాల నుంచి వచ్చింది. ఈ రెండూ ఒకే అట్టలో కుట్టి ఉంటే చదివేవాడికి రెండూ ఒకే సాధనలో మెట్లలా కనిపిస్తాయి. సాధకుడికీ అలాగే కనిపించాయి. బిల్లుల కోసం మొదలుపెట్టినవాడు కొన్ని నెలల్లో వశీకరణ దాకా వెళ్లాడు.

తెచ్చిన సమస్య

ఇద్దరూ కలిసి వచ్చారు, కానీ ఇద్దరూ చెప్పింది ఒక సమస్య కాదు.

"మాస్టారూ, ఇరవై నిమిషాలు రెప్ప వేయకుండా ఉండగలుగుతున్నాను. అద్దంలో నా ముఖం పోయి ఒక ముసలాయన ముఖం వస్తోంది. తెల్ల గడ్డం. రోజూ ఆయనే. తర్వాతి మెట్టు ఏంటో చెప్పండి" అన్నాడాయన.

"రాత్రి ఒంటిగంట, రెండు దాకా పూజ గదిలోనే ఉంటున్నారండీ. కళ్లు చూడండి ఎంత ఎర్రగా ఉన్నాయో. మాట్లాడుతుంటే గుడ్లప్పగించి చూస్తారు. పాప ఈయన పక్కన కూర్చుని అన్నం తినడం మానేసింది. నాన్నని అట్లా చూడొద్దని చెప్పమ్మా అంటోంది" అంది ఆవిడ.

అత్తగారి ఉద్దేశం ఇంకోటి. కొడుక్కి గాలి సోకిందని ఆవిడ అప్పటికే తాయెత్తు కట్టించింది. ఉప్పు, మిరపకాయలతో రోజూ దిష్టి తీస్తోంది. పూర్వం ఎవరి వస్తువైనా పోతే తమలపాకుకో బొటనవేలి గోటికో అంజనం రాసి, పాయాలువాడి (పుట్టేటప్పుడు కాళ్లు ముందు వచ్చినవాడి) చేత అందులోకి చూపించేవారని, అలా చూసినవాళ్లలో కొందరికి తర్వాత మతి స్థిమితం తప్పిందని ఆవిడ కోడలికి చెప్పిందట. కేసు మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన మాటల్లో ఇదొకటి. నల్లగా నిగనిగలాడే అంజనం మీద కదలకుండా చూస్తే బొమ్మలు కనిపించడం, గుడ్డి వెలుగులో అద్దంలోకి కదలకుండా చూస్తే ముఖాలు కనిపించడం ఒకే కోవలోవి. పెద్దావిడ చదువుకోలేదు గానీ రెండింటికీ ఉన్న పోలిక పసిగట్టింది.

బిల్లుల సంగతి నేనే అడిగాను. తప్పులు తగ్గలేదు, పెరిగాయి. సాధన మొదలుపెట్టిన కారణమే ఆయనకి గుర్తు లేకుండా పోయింది.

ముందుగా తేల్చుకోవాల్సినవి

ఇలాంటి కేసులో సాధన గురించి మాట్లాడే ముందు మూడు విషయాలు తేల్చుకుంటాను. కంటికి దెబ్బ తగిలిందా, మనసుకి డాక్టర్ అవసరం ఉందా, మూర్ఛ చరిత్ర ఉందా. రెపరెపలాడే వెలుగు కొంతమందిలో ఫిట్స్ తెప్పించగలదు. నీటికాసులు, రెటీనా జబ్బు ఉన్నవాళ్లకి ఈ సాధన నేను చెప్పను.

కంటి గురించి అడుగుతుంటే ఒక విషయం బయటపడింది. కృష్ణ ఒడ్డున కొన్ని పొద్దులు ఉదయిస్తున్న సూర్యుణ్ణి కూడా రెప్ప వేయకుండా చూశాడట. ఇది మాత్రం అక్కడికక్కడే ఆపించాను. ఇందులో బేరసారాలకి తావు లేదు. సూర్యుణ్ణి నేరుగా చూస్తే రెటీనాలో సరిగ్గా నడిమధ్య, మనం అక్షరాలు చదివే చోట, కాలిన మచ్చ పడే ప్రమాదం ఉంది. రెటీనాకి నొప్పి తెలియదు కాబట్టి చూస్తున్నప్పుడు ఏమీ అనిపించదు. తెలిసేసరికి చూపు మధ్యలో మసక ఏర్పడి ఉంటుంది. లేత ఎండే కదా అనుకోవడానికి వీల్లేదు.

కంటి డాక్టర్ చూశారు. అదృష్టం, రెటీనా బాగుంది. కళ్లు బాగా పొడిబారాయి, చుక్కల మందు రాశారు. మామూలుగా మనిషి నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు. ప్రతిసారీ కన్నీటి పొర కంటి మీద పరుచుకుంటుంది. దాన్ని రోజూ గంటలకొద్దీ ఆపితే కన్ను ఎండిపోతుంది. పైగా జ్వాల కదులుతుందని ఫ్యాన్ ఆపి, తలుపు వేసి, కిటికీ లేని పూజ గదిలో, మన ఎండాకాలంలో కూర్చునేవాడు. కొవ్వొత్తి పొగ, కర్పూరం మసి అన్నీ అక్కడే. పొద్దున్నే వచ్చే తలనొప్పికి ఇంతకంటే కారణం వెతకక్కర్లేదు.

మనసు విషయంలో అడిగిన ప్రశ్నలు ఇవి. ఆ ముఖం అద్దం ముందు కాకుండా ఇంకెక్కడైనా కనిపిస్తోందా? ఏమైనా చేయమని చెబుతోందా? ఎవరైనా తనకి హాని చేస్తున్నారన్న అనుమానం ఉందా? వంశంలో ఎవరికైనా పెద్ద మానసిక జబ్బు ఉందా? అన్నిటికీ లేదనే చెప్పాడు, భార్య కూడా అదే చెప్పింది. అయినా సైకియాట్రిస్టుకి చూపించమన్నాను. నిద్ర ఇంతగా కోల్పోయిన మనిషి విషయంలో నా ప్రశ్నలు సరిపోవు. మొదట నొచ్చుకున్నాడు. "కంటి డాక్టర్ దగ్గరికి పంపినప్పుడు మీకు గుడ్డితనం ఉందని అనలేదు కదా. ఇదీ అంతే" అన్నాను. వెళ్లాడు. పెద్ద జబ్బు లేదని, నిద్ర సరిచేసుకోవాలని చెప్పి కొద్దికాలానికి మాత్ర ఇచ్చారు. ఆ మాట వచ్చాకే సాధన పని మొదలుపెట్టాను.

కూర్చుంటే ఎలా ఉంది

ఏం చేస్తున్నారో చెప్పమని అడగను, నా ముందు చేయమంటాను. చెప్పేదానికి, చేసేదానికి చాలా తేడా ఉంటుంది.

ఆవునెయ్యి దీపం రెండడుగుల దూరంలో, కంటి ఎత్తులో పెట్టాను. చూడటం మొదలుపెట్టిన కాసేపటికే మెడ ముందుకి సాగింది. దవడ బిగుసుకుంది. నుదుటి మీద మూడు ముడతలు. ఊపిరి పైన ఎక్కడో ఆగిపోయింది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే రెప్ప వేయకుండా తువ్వాలు కొసతో చెంపలు తుడుచుకుంటున్నాడు, ఆ తుడవడం ఎంత అలవాటైపోయిందంటే చెయ్యి దానంతటదే లేస్తోంది. రెప్పలు ఒక్కోసారి సగం దాకా వాలి లేస్తున్నాయి, అది ఆయనకి తెలియడం లేదు. లేచాక "మధ్యలో మనసు ఎక్కడెక్కడికి వెళ్లింది?" అని అడిగాను. తెల్లబోయి చూశాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. రెప్ప ఎంతసేపు ఆగిందన్నదొక్కటే ఆయనకి లెక్క.

ఇక్కడ నాకు కేసు అర్థమైంది. కన్ను నిలిస్తే మనసు నిలిచినట్టేనని ఆయన నమ్మకం. పుస్తకంలోని రెండో సగం ఆ నమ్మకం మీద ఇంకో అంతస్తు కట్టింది. నిలిచిన కన్ను ఎదుటివాళ్ల మీద పనిచేస్తుందని.

ఫలించనివి

మొదట సమయం తగ్గించాం. పొద్దున పది నిమిషాలు, అంతే. ఒప్పుకున్నాడు. కానీ భార్య నిద్రపోయాక మళ్లీ అద్దం దగ్గరికి వెళ్లేవాడు. లక్ష్యం మారకుండా నిమిషాలు తగ్గిస్తే సాధకుడికి అది కోత విధించినట్టే ఉంటుంది. తప్పించుకునే దారి వెతుకుతాడు. దీనికి శాస్త్రం నుంచే ఆధారం కూడా చూపించాడు. 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపికలో త్రాటకాన్ని బంగారు పెట్టెలా గోప్యంగా ఉంచమని ఉంది. "గోప్యం అన్నారు కదండీ, అందుకే ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. భార్యకి, నేర్పేవాడికి తెలియకుండా దాచమని అక్కడ ఎవరూ అనలేదు. ఊళ్లో ప్రదర్శన పెట్టుకోవద్దని దాని అర్థమని నేను నమ్ముతాను.

తర్వాత ఇంట్లోవాళ్ల కోరిక మీద పూర్తిగా ఆపి చూశాం. కళ్ల మంట తగ్గింది. ఆరాటం పెరిగింది. ముసలాయన్ని కావాలని వదిలేశానన్న అపరాధ భావం పట్టుకుంది. రాత్రుళ్లు మంచం మీద పడుకుని పైకప్పు మీద ఒక చుక్కని రెప్ప వేయకుండా చూస్తున్నాడని భార్య ఫోన్ చేసింది. అద్దం పోయింది, అలవాటు అలాగే ఉంది. ఆపించడం మంచిదా కాదా అని తోటి టీచర్లు నన్ను అడుగుతుంటారు. ప్రాణం మీదికి వస్తే ఆపాల్సిందే. లేనప్పుడు ఖాళీ చేసిన చోట ఏదో ఒకటి పెట్టకపోతే పాతదే వచ్చి కూర్చుంటుంది.

దాని బదులు శ్వాస మీద ధ్యాస ఇచ్చాను. అదీ కుదరలేదు. పళ్లు బిగించి సాధన చేయడానికి అలవాటుపడిన మనిషికి ఊపిరిని ఊరికే గమనించడం సోమరితనంలా అనిపిస్తుంది. కాసేపు నిద్రలోకి జారేవాడు, కాసేపు ఊపిరి బిగబట్టేవాడు.

నాలుగోది శాస్త్రీయంగా వివరించి చెప్పడం. 1804లో స్విట్జర్లాండ్‌కి చెందిన ట్రాక్స్‌లర్ అనే వైద్యుడు ఒక విషయం గమనించాడు. ఒకే బిందువు మీద చూపు కదలకుండా నిలిపితే చుట్టూ ఉన్నవి నెమ్మదిగా మాయమవుతాయి. మారకుండా ఉన్నదాన్ని మన చూపు వ్యవస్థ లెక్కలోంచి తీసేస్తుంది. గుడ్డి వెలుగులో అద్దం చూస్తుంటే ముక్కు, చెంపల గీతలు ఇలాగే చెరిగిపోతాయి. ఖాళీలని మెదడు తనకి తెలిసిన ముఖాలతో పూరిస్తుంది. 2010లో ఇటలీలోని ఉర్బీనో యూనివర్సిటీకి చెందిన కాపుటో అనే పరిశోధకుడు 50 మందిని మసక దీపం వెలుగులో పది నిమిషాలు అద్దం ముందు కూర్చోబెట్టాడు. వాళ్లలో 66 శాతం మంది తమ ముఖం ఘోరంగా మారిపోయినట్టు చూశారు. 28 శాతం మందికి ముక్కూ ముఖం తెలియని మనిషి కనిపించాడు. వాళ్లెవరూ సాధకులు కారు, ఉపవాసాలు, జపాలు లేవు.

ఇదంతా చెబితే శ్రద్ధగా విన్నాడు. "వాళ్లకి కనిపించింది భ్రమ కావచ్చు మాస్టారూ. నాకు రోజూ ఆయనే వస్తున్నారు" అన్నాడు. వాదన పెంచలేదు. అనుభవం నిజంగా కలిగిన మనిషికి, అది నీ ఊహ అని చెబితే వినిపించేది అబద్ధం చెబుతున్నావనే. ఆయన అబద్ధం చెప్పడం లేదు.

దారి మళ్లిన చోటు

దారి మళ్లించింది రెండు సంగతులు. ఒకటి ఆయన గౌరవించే గ్రంథం, రెండోది ఆయన చేత్తో ఆయనే చేసుకున్న పరీక్ష.

ప్రదీపికలో త్రాటకం ధ్యానం అధ్యాయంలో లేదు. రెండో ఉపదేశంలో ధౌతి, వస్తి, నేతి, నౌలి, కపాలభాతితో పాటు షట్కర్మల్లో ఉంది. అంటే శుద్ధి క్రియ. ముక్కు కడుక్కోవడం నేతి అయితే, చూపు కడుక్కోవడం త్రాటకం. హద్దు కూడా ఆ శ్లోకమే చెబుతుంది: అశ్రుసంపాత పర్యంతం, నీళ్లు కారేదాకా. నీళ్లు వచ్చాయా, అయిపోయింది, కళ్లు మూసుకోవాలి. తువ్వాలుతో తుడుచుకుంటూ కొనసాగించమని ఎక్కడా లేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నా మాట కొట్టిపారేయగలడు. స్వాత్మారాముడి మాట కొట్టిపారేయలేడు. "అయితే ఇన్నాళ్లూ హద్దు దాటి చేస్తున్నానా" అని తనంతట తనే అన్నాడు. పతంజలి యోగానికి అడ్డుపడే తొమ్మిదింటిలో భ్రాంతిదర్శనాన్ని వ్యాధి, సోమరితనాలతో పాటే పెట్టాడని, సిద్ధులు కూడా సమాధికి అడ్డంకులేనని చెప్పాడని ఆ రోజే చెప్పాను. ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు.

పరీక్షలకి వస్తే, ముసలాయన ఎవరన్నది తేల్చే పని నేను పెట్టుకోలేదు. ఎప్పుడు వస్తాడో, ఎప్పుడు రాడో మాత్రం చూద్దామన్నాను. ఒక్కసారికి ఒక్కటే మార్చాలని షరతు. జీరో బల్బు వెలుగులో వచ్చాడు. అదే చోట ట్యూబ్‌లైట్ వేస్తే రాలేదు. పగలు వరండాలో, ముఖం మీద వెలుతురు పడేలా కూర్చుంటే రాలేదు. జీరో బల్బు ఉన్నా, మామూలుగా రెప్ప వేస్తూ చూస్తే రాలేదు. ఇవన్నీ ఆయనే రాసుకుని తెచ్చాడు, లెక్కలవాడు కదా, గీతలు కొట్టిన పట్టికలో. "వెలుతురుకి ఎందుకు రాకూడదు?" అని అడిగింది కూడా ఆయనే.

దీపం చూశాక కళ్లు మూస్తే భృకుటిలో కనిపించే వెలుగుని జ్యోతి దర్శనం అనుకునేవాడు. దానికి ఇంకో పరీక్ష. దీపం చూశాక ముందు అరచేతి మీదికి, తర్వాత దూరంగా ఉన్న తెల్ల గోడ మీదికి చూడమన్నాను. అరచేతిలో చిన్నగా ఉన్న మచ్చ గోడ మీద పెద్దదైపోయింది. కన్ను ఎటు కదిలితే అటు కదిలింది. 1881లో ఎమ్మెర్ట్ చెప్పిన సూత్రం ఇదే: రెటీనాలో మిగిలిన ముద్ర ఎంత దూరంలో కనిపిస్తే అంత పెద్దదిగా తోస్తుంది. పాశ్చాత్య గుప్త విద్యలో కూడా ఈ ముద్రనే వాడుకున్నారు. 1888లో లండన్‌లో మొదలైన గోల్డెన్ డాన్ అనే సంఘంవాళ్లు మన పంచ తత్వాలని రంగు బొమ్మలుగా తీసుకున్నారు, పృథ్వికి పసుపు చతురస్రం, తేజస్సుకి ఎర్ర త్రికోణం. బొమ్మని కదలకుండా చూసి, తెల్ల కాగితం మీదికి చూపు మళ్లిస్తే దాని వ్యతిరేక రంగు తేలుతుంది. వాళ్లకి అది ద్వారం. కంటి డాక్టర్‌కి అది అలసిన కణాల పని. సాధకుడికి నేను చెప్పింది ఇంతే: ఆ మచ్చని ధారణకి, అంటే మనసుని ఒకచోట నిలపడానికి, ఆధారంగా వాడుకోండి, దర్శనంగా మాత్రం లెక్కపెట్టుకోవద్దు.

మెడ వెనక చూపు సంగతి మిగిలింది. గుంటూరు విజయవాడ బస్సులో ముందు సీట్లవాళ్లని వెనక్కి తిప్పగలనని ఆయన గట్టి నమ్మకం. క్లాసులో ఒకావిడ వీపు తిప్పి కూర్చుంది. సాధకుడు నాణెం ఎగరేసి బొమ్మ పడితే చూడాలి, బొరుసు పడితే కళ్లు మూసుకోవాలి. చూస్తున్నట్టు అనిపిస్తే ఆవిడ చెయ్యెత్తాలి. నాణెం వరసకి, చేతి వరసకి పొంతన కుదరలేదు. అమెరికాలో టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1898లోనే దీన్ని పరీక్షించి ఏమీ లేదని రాశాడు. కారణం కూడా చెప్పాడు. ముందున్న మనిషి ఏదో తోచక తల తిప్పితే ఆ కదలికకి వెనకున్నవాళ్ల కళ్లు అటు లాగబడతాయి. కళ్లు కలుస్తాయి. వెనకున్నవాడు నేను చూశాను కాబట్టి తిరిగాడనుకుంటాడు.

అన్నిటికంటే ఆయన్ని కదిలించింది మాత్రం బ్రెయిడ్ సంగతి. మాంచెస్టర్‌లో సర్జన్. 1841లో ఒక మెస్మరిజం ప్రదర్శన చూసి, మోసం పట్టుకుందామని వెళ్లినవాడు, అక్కడ మత్తులోకి దించిన మనిషి రెప్పలు నిజంగానే తెరవలేకపోవడం గమనించాడు. తర్వాత తన రోగులని కళ్లకి కాస్త పైన పట్టుకున్న మెరిసే లాన్సెట్ (సర్జన్లు వాడే చిన్న కత్తి) పెట్టె మీద చూపు నిలపమన్నాడు. అంతే, మత్తులోకి జారారు. ఎవరి కళ్లలోంచీ ఏ శక్తీ ప్రవహించనక్కర్లేదు, చూస్తున్నవాడి అలసిన చూపే వాడిని ఆ స్థితిలోకి తీసుకెళుతుందని తేల్చాడు. 1843లో ఆయన రాసిన పుస్తకంతోనే హిప్నాటిజం అన్న మాట గట్టిపడింది.

"అంటే వశమైంది నేనేనా?" అన్నాడు సాధకుడు.

అవునన్నాను. గంటలకొద్దీ అద్దంలో రెప్ప వేయకుండా చూసిన మనిషి ఎవరినీ వశం చేసుకోలేదు. రోజూ రాత్రి తనని తనే వశం చేసుకున్నాడు.

కొత్త సాధన

సూర్యాస్తమయం తర్వాత చూపుకి సంబంధించిన సాధన ఏదీ లేదు. ఇది మొదటి నియమం. ముందు నిద్ర, తర్వాతే యోగం. పొద్దున్నే, వరండాలో, వెలుతురులో. తెల్ల కాగితం మీద కుంకుమ బొట్టు, బఠాణీ గింజంత. రెప్ప ఎప్పుడు వేయాలనిపిస్తే అప్పుడు వేయాలి. ఇది ఆయనకి అన్నిటికంటే కష్టమైంది. రెప్ప వేస్తే సాధన భంగమైనట్టు ఉలిక్కిపడేవాడు.

ఆ ఉలికిపాటుకి మందుగా చింతపిక్కలు ఇచ్చాను. ఎదురుగా రెండు గిన్నెలు, ఒకదానిలో పిక్కలు. బొట్టు మీదనుంచి మనసు వెళ్లిపోయిందని తెలిసిన ప్రతిసారీ ఒక పిక్క రెండో గిన్నెలో వేసి మళ్లీ బొట్టు దగ్గరికి రావాలి. రెప్పలని లెక్కపెట్టొద్దు, రాకలని లెక్కపెట్టాలి. మొదటి రోజుల్లో పిక్కలు చాలా తక్కువ పడ్డాయి. ఆయన సంతోషించాడు. నేను సంతోషించలేదు. మనసు వెళ్లిందని తెలియకపోతే పిక్క పడదు. వారాలు గడిచేకొద్దీ పిక్కలు పెరిగాయి, అప్పుడు ఆయన దిగులుపడ్డాడు. వెళ్లిన సంగతి తొందరగా తెలుస్తోంది కాబట్టే పెరుగుతున్నాయని చెప్పాక కుదుటపడ్డాడు. ఆ తర్వాత మెల్లగా తగ్గడం మొదలైంది. ఈ వంపు నేను చాలామందిలో చూశాను. మధ్యలో పిక్కలు పెరిగే దశలోనే ఎక్కువమంది మానేస్తారు. అక్కడ నేర్పేవాడు పక్కన ఉండాలి.

బిల్లుల విషయం వేరేగా చూశాం. బొట్టు మీద మనసు నిలిస్తే అంకెలు వాటంతటవే సరిపోతాయని నేను చెప్పను. ఏ పనికి ఆ పనిలోనే అలవాటు కావాలి. ప్రతి బిల్లులో మొత్తం దగ్గర పెన్నుతో చుక్క పెట్టి, అంకెలు పెదవుల మీద చదివి, తర్వాతే కంప్యూటర్‌లో కొట్టాలి. ఫోన్ సొరుగులో. ఆయన తప్పులకి సగం కారణం ఫోన్ మోగినప్పుడల్లా వరస తప్పడమేనని మొదటి వారంలోనే తేలింది.

పాప విషయంలో భార్య చేసిన ఏర్పాటే బాగా పనిచేసింది. రాత్రి అన్నాలయ్యాక ముగ్గురూ అష్టాచెమ్మా ఆడాలి. ఆటలో చూపు పలక మీద, చేతిమీద, ఎదుటివాళ్ల ముఖం మీద తిరుగుతూనే ఉంటుంది, ఒకచోట గుచ్చుకోదు. పెద్దావిడకి కూడా ఒక పని అప్పగించాం. తొమ్మిదిన్నరకి పూజ గది తలుపు వేసే బాధ్యత ఆవిడది. దిష్టి తీయడం ఆపమని నేను చెప్పలేదు. ఆవిడ భయం తగ్గడం కూడా ఆ ఇంటికి అవసరమే.

ఈ కేసు తర్వాత నేను పాటిస్తున్నవి

త్రాటకం అడిగిన ప్రతివాళ్లనీ ముందు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు, చూపుతో ఎవరినైనా ఏమైనా చేయాలనుకుంటున్నారా. రెండో ప్రశ్నకి నవ్వి ఊరుకున్నవాళ్లతో ఇంకాస్త ఎక్కువసేపు మాట్లాడుతున్నాను. ఆరు గంటల నిద్ర లేనివాళ్లకి త్రాటకం మొదలుపెట్టడం లేదు.

అనుభవాన్ని కొట్టిపారేయకుండా దాని షరతులని వెతకడం ఈ కేసులో పనికొచ్చింది. అబద్ధమని చెప్పి ఉంటే ఆయన నా దగ్గరికి రావడం మానేసేవాడు, నిజమని చెప్పి ఉంటే అద్దం ముందే ఉండిపోయేవాడు. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అన్న ప్రశ్నకి నమ్మకంతో తగాదా లేదు. అయితే ఈ పద్ధతి నిద్ర, కళ్లు, మనసు డాక్టర్ల చేత చూపించుకున్నాకే. అద్దం బయట కూడా ముఖాలు కనిపించేవాళ్లకి, ఆజ్ఞలు వినిపించేవాళ్లకి ఇలాంటి పరీక్షలు పెట్టకూడదు. వాళ్లని నేరుగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి, వీలైతే తోడు వెళ్లాలి.

పరీక్షలన్నీ చేశాక కూడా ఆ ముసలాయన ఎవరో పెద్దవాడేనన్న భావం సాధకుడిలో పూర్తిగా పోలేదు. నేనూ తుడిచేయాలని చూడలేదు. రాత్రి పదిన్నరకల్లా నిద్రపోతున్నాడు. చుక్కల మందు అవసరం తగ్గింది. బిల్లుల్లో తప్పులు పూర్తిగా పోలేదు గానీ నెలాఖరుకి లెక్క తేలుతోంది.

ఈ మధ్య వచ్చి, కార్తీక మాసంలో మళ్లీ దీపం మీద చేయాలనుందని అడిగాడు. ముందు కంటి డాక్టర్‌కి చూపించుకుని రమ్మన్నాను. ఆయన సరేనంటే నెయ్యి దీపం, కిటికీ తెరిచిన గది, తెల్లవారుజామున, కళ్లలో నీళ్లు తిరిగేదాకా, అది రెండు నిమిషాలే అయినా సరే. తువ్వాలు పక్కన పెట్టుకోకూడదు. అద్దం మాత్రం వద్దని ఇద్దరం ఒప్పుకున్నాం.